ఓల్ చికి అంకెలు: కంప్యూటర్‌లో సంతాలీ లెక్క

సంతాలీ భాష సొంత లిపి పేరు ఓల్ చికి. ఆ లిపికి అక్షరాలతో పాటు సొంత అంకెలు కూడా ఉన్నాయి, సున్న నుంచి తొమ్మిది దాకా పది. ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో ఈ పదింటికీ 7248 నుంచి 7257 వరకు వరుసగా చోటు దొరికింది. ప్రోగ్రామర్లు వాడే పదహారు ఆధారపు లెక్కలో అయితే అది 1సి50 నుంచి 1సి59 వరకు. 2008 ఏప్రిల్‌లో వచ్చిన యూనికోడ్ 5.1తో ఈ కేటాయింపు ఖాయమైంది. ఒకసారి ఖాయమైతే ఇక మార్చరు, అది యూనికోడ్ కట్టుబాటు.

పట్టికలో చూస్తే పది గళ్లు, అంతే. అయితే ఒక గుర్తు తెర మీద అంకెలా కనిపించడం వేరు, యంత్రం దాన్ని అంకెగా ఎంచి కూడికలోకి, తీసివేతలోకి తీసుకోవడం వేరు. మొదటిది ఫాంటు చేసే పని. రెండోదానికి ప్రమాణం, ప్రోగ్రామింగ్ భాష, కీబోర్డు, వెబ్ ఫారం అన్నీ ఒక్క మాట మీద ఉండాలి. ఓల్ చికి అంకెలకు మొదటిది ఎప్పుడో దక్కింది. రెండోది కొన్నిచోట్ల దక్కింది, కొన్నిచోట్ల ఇంకా లేదు.

సంతాలీ ముండా భాషల్లో పెద్దది. 2011 జనగణన ప్రకారం దేశంలో 73 లక్షల మందికి పైగా దాన్ని మాతృభాషగా నమోదు చేసుకున్నారు. జార్ఖండ్, పశ్చిమ బెంగాల్, ఒడిశా, బిహార్, అస్సాంలలోనే కాక బంగ్లాదేశ్, నేపాల్‌లలోనూ సంతాల్‌లు ఉన్నారు. ఇంత విస్తీర్ణంలో ఉన్న భాష కావడంతో ఎక్కడివాళ్లు అక్కడి లిపిలో రాసుకున్నారు. బెంగాల్‌లో బెంగాలీ లిపి, ఒడిశాలో ఒడియా, జార్ఖండ్ బిహార్‌లలో దేవనాగరి, మిషనరీల బడుల్లో రోమన్. పందొమ్మిదో శతాబ్దం నుంచి వచ్చిన సంతాలీ నిఘంటువులు, వ్యాకరణాలు చాలావరకు రోమన్‌లోనే అచ్చయ్యాయి. అంటే ఒకే సంతాలీ వాక్యంలోని ఒకే సంవత్సరాన్ని ఏ ఊళ్లో అచ్చు వేశారన్నదాన్ని బట్టి, ఓల్ చికితో కలిపి అయిదు రకాల అంకెల్లో రాయవచ్చు.

ఈ చీలికకు విరుగుడుగా పుట్టిందే ఓల్ చికి. ఒడిశాలోని మయూర్‌భంజ్ ప్రాంతంలో 1905లో పుట్టిన పండిత్ రఘునాథ్ ముర్ము 1925లో ఈ లిపిని రూపొందించారు. బ్రాహ్మీ నుంచి పుట్టిన మన లిపుల పద్ధతి దీనిలో కనిపించదు. గుణింతం లేదు, ఒత్తులు లేవు, అచ్చు ఎక్కడ వచ్చినా పూర్తి అక్షరంగానే నిలుస్తుంది. మొత్తం 30 అక్షరాలు, ఆరు వరుసలు, వరుసకు అయిదు, ప్రతి వరుస మొదట్లో ఒక అచ్చు. అచ్చులో వాడే నిలువైన రూపాన్ని ఛాపా అంటారు, చేతిరాత రూపాన్ని ఉసారా అంటారు. ముర్ము లిపి చేసి ఊరుకోలేదు, దాన్ని నేర్పడానికి వాచకాలు రాశారు, వ్యాకరణం రాశారు, ఎల్ఖా పేరుతో లెక్కల పుస్తకమూ రాశారు. ఆయన దృష్టిలో అంకెలు లిపికి చివర తగిలించిన అలంకారం కావని దీన్నిబట్టి తెలుస్తుంది. పిల్లవాడు ఎక్కాలు కూడా తన లిపిలోనే రాయాలన్నది ఆయన ఉద్దేశం.

నోటి లెక్కకూ చేతి లెక్కకూ మధ్య ఇక్కడ చిన్న తేడా ఉంది. సంతాలీలో ఒకటి మిత్, రెండు బార్, మూడు పే, నాలుగు పోన్, పది గెల్. పన్నెండుకు గెల్ బార్. సంప్రదాయ లెక్కలో మాత్రం ఇరవైకి ఇసి అని విడి మాట ఉంది. నలభై అంటే బార్ ఇసి, రెండు ఇరవైలు. అరవై అంటే పే ఇసి. ముండా భాషల్లో ఇరవై ఆధారపు లెక్క పాతది. ముర్ము అంకెల్లో ఇరవైకి విడి గుర్తు లేదు. అవి పూర్తిగా స్థాన విలువల మీద నడిచే దశాంశ అంకెలు. నలభై అని రాయాలంటే నాలుగు పక్కన సున్న. యంత్రం వైపు నుంచి చూస్తే ఈ ఒక్క ఎంపిక ఎంత మేలు చేసిందో కింద తెలుస్తుంది.

యూనికోడ్‌కు ముందు కంప్యూటర్‌లో ఓల్ చికి లేదా అంటే, ఉంది. కాకపోతే అది వేషం. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో ఓల్ చికి బొమ్మలు పెట్టిన ఫాంట్లు తయారు చేసుకుని పుస్తకాలు, పత్రికలు కూర్చారు. డీటీపీ తెలిసిన తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. అను ఫాంట్లలో టైపు చేసిన పేజీని ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఏమవుతుందో వాళ్లందరికీ అనుభవమే. అక్షరాల సంగతి అలా ఉంచితే, ఇలాంటి ఫాంట్లలో అంకెల కథ ఇంకా చిత్రంగా నడుస్తుంది. ఒకటో మీట నొక్కితే తెర మీద ఓల్ చికి ఒకటి కనిపించేలా బొమ్మ మారుస్తారు, లోపల నిలిచేది మాత్రం మామూలు ఇంగ్లీషు ఒకటే. ఇందులో ఒక సుఖం ఉంది. కూడికలు చెడవు, ఫోన్ నంబరు తప్పదు, శోధనలో దొరుకుతుంది. కష్టమల్లా తర్వాత మొదలవుతుంది. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు, ఇక్కడ ఉన్న 1947 ఓల్ చికి అంకెలుగా రాసిందా, లేక ఇంగ్లీషు అంకెలుగానే ఉంచాలనుకున్నదా అని మార్పిడి ప్రోగ్రామ్ ఎలా తేల్చుకోవాలి? ఫాంటు పేరు చూసి ఊహించాలి, అంతకు మించి ఆధారం ఉండదు.

మన దేశపు పాత ప్రమాణం ఇస్కీ ఈ విషయంలో ఆదుకోలేదు. 1991లో ఖరారైన ఆ ప్రమాణం బ్రాహ్మీ సంతతి లిపుల కోసం చేసింది. దేవనాగరిలో ఒక అక్షరం ఎక్కడ ఉంటే తెలుగులోనూ అదే అక్షరం అదే చోట ఉండాలన్నది దాని సూత్రం. గుణింతమే లేని ఓల్ చికి ఆ చట్రంలో ఇమడదు. 2003 నాటి 92వ రాజ్యాంగ సవరణతో బోడో, డోగ్రీ, మైథిలీలతో పాటు సంతాలీ ఎనిమిదో షెడ్యూలులో చేరింది. ఆ తర్వాత 2005లో లిపుల నిపుణుడు మైకేల్ ఎవర్సన్ సమర్పించిన తుది ప్రతిపాదన యూనికోడ్ దారి తెరిచింది.

అలా వచ్చిన ఓల్ చికి విభాగంలో సరిగ్గా 48 స్థానాలు ఉన్నాయి, ఒక్కటీ ఖాళీ లేదు. పది అంకెలు, 30 అక్షరాలు, ఆరు ఉచ్చారణ గుర్తులు, రెండు విరామ చిహ్నాలు. చూడగానే కంటికి తట్టే సంగతి అంకెల చోటు. దేవనాగరి, బెంగాలీ, ఒడియా, తెలుగు విభాగాల్లో అంకెలు ప్రధాన అక్షరాలన్నీ అయ్యాక వస్తాయి. ఓల్ చికిలో అంకెలే ముందు, అక్షరాలు తర్వాత.

దీని వల్ల ఒక ముచ్చటైన పొందిక కుదిరింది. కంప్యూటర్లలో చాలాకాలంగా ఉన్న ఆస్కీ ప్రమాణంలో సున్న 48, తొమ్మిది 57. పదహారు ఆధారంలో రాస్తే 30 నుంచి 39. చివరి గుర్తు చూస్తే అంకె విలువ తెలిసిపోతుంది. ఓల్ చికిలోనూ అంతే, 1సి50లో చివరి సున్న సున్నకే, 1సి57లో చివరి ఏడు ఏడుకే. తెలుగులో ఈ సౌకర్యం లేదు. మన సున్న 0సి66 దగ్గర మొదలై తొమ్మిది 0సి6ఎఫ్ దగ్గర ముగుస్తుంది, విలువ కావాలంటే ఆరు తీసేయాలి. యంత్రానికి ఆ తీసివేత ఓ లెక్క కాదు కాబట్టి ఆచరణలో లాభనష్టాలేమీ లేవు. అయినా కోడ్ పట్టికలు చదివేవాళ్లకు ఇదొక చిన్న ఆనందం.

తెలుగు పాఠకులకు మరో రెండు చుట్టరికాలు ఇక్కడ దొరుకుతాయి. ఓల్ చికి చేరిన యూనికోడ్ 5.1లోనే తెలుగు భిన్నాల గుర్తులు కూడా చేరాయి. పాతకాలపు కరణాల లెక్కల్లో నాలుగో వంతు, పదహారో వంతు రాయడానికి వాడిన గీతలవి, తూముకు ఉన్న గుర్తు కూడా వాటి పక్కనే ఉంది. రెండో చుట్టరికం కేవలం కాకతాళీయం. ఓల్ చికి విభాగం తెలుగు విభాగపు చివరి భాగానికి సరిగ్గా 4096 స్థానాల దూరంలో ఉంది. వెబ్ అంతటా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి. తెలుగు అంకెలకు ఆ బైట్లు 224, 177, ఆపైన 166 నుంచి 175. ఓల్ చికి అంకెలకు 225, 177, ఆపైన 144 నుంచి 153. రెంటికీ నడుమ బైటు ఒకటే. ఏ కారణం చేతనైనా మొదటి బైటు ఒక్కటి తగ్గిందంటే సంతాలీ వాక్యం తెలుగు విభాగంలో వచ్చి పడుతుంది. అందులోని ‘ఇహ్’ అనే అక్షరం మన సున్నగా మారి కూర్చుంటుంది.

ఇంతకీ ఒక గుర్తు అంకె అని యంత్రానికి ఎవరు చెబుతారు? యూనికోడ్ ప్రతి గుర్తుకూ సంఖ్యతో పాటు కొన్ని లక్షణాలు రాసిపెడుతుంది. ఓల్ చికి అంకెలకు రాసిన లక్షణం ‘దశాంశ అంకె’, ఒక్కోదాని పక్కన దాని విలువ. ఈ వర్గంలో చేరాలంటే సున్న నుంచి తొమ్మిది దాకా తెగకుండా వరుసగా ఉండాలి, స్థాన విలువ పద్ధతిలో వాడుకలో ఉండాలి. ముర్ము ఇరవైకి విడి గుర్తు పెట్టకపోవడం ఇక్కడ కలిసొచ్చింది. తమిళం ఇంత సులువుగా గట్టెక్కలేదు. పాత తమిళ పద్ధతిలో పదికి, నూరుకు, వేయికి విడి గుర్తులు ఉన్నాయి గానీ యూనికోడ్‌లో చాలాకాలం సున్న లేదు. అది 2005లో వచ్చి చేరింది. మన తెలుగు భిన్న గుర్తులకు విలువలు రాసి ఉన్నా దశాంశ అంకెల వర్గంలో చోటు లేదు, అవి ‘ఇతర సంఖ్యలు’. కాబట్టి వాటిని వరుసగా పేర్చినా ఏ ప్రోగ్రామూ సంఖ్యగా చదవదు.

లక్షణం రాసిపెట్టినంత మాత్రాన అందరూ దాన్ని చదువుతారని లేదు. పైథాన్ భాషలో ఓల్ చికి ఒకటి, రెండు పక్కపక్కన రాసి పూర్ణాంకంగా మార్చమంటే నేరుగా 12 అని ఇస్తుంది. జావా కూడా అంతే. అదే పని జావాస్క్రిప్ట్‌కు చెబితే ‘ఇది సంఖ్య కాదు’ అని తిప్పికొడుతుంది. దానికి తెలిసిన అంకెలు ఆస్కీలో ఉన్న పదే. మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ తీరు మరీ తమాషా. అక్కడ ఒక అక్షరాల వరుసలో అంకెలే ఉన్నాయో లేదో పరీక్షించే సాధారణ పద్ధతి ఓల్ చికి అంకెలను సరేనని లోపలికి పంపుతుంది. ఆ వెంటనే వాటిని సంఖ్యగా మార్చే ఆదేశం మాత్రం చేతులెత్తేస్తుంది. గుమ్మం దగ్గర పాసైన సమాచారం లోపలికి వెళ్లాక తప్పని తేలుతుందన్నమాట. ప్రోగ్రామ్ రాసినవాడు ఇంగ్లీషు అంకెలతో మాత్రమే పరీక్షించి ఉంటే ఈ లోపం ఏళ్ల తరబడి బయటపడదు. వెబ్‌సైట్ల మధ్య సమాచారం మోసే జేసన్ పద్ధతిలోనూ సంఖ్య అంటే ఆస్కీ అంకెలే. ఓల్ చికి అంకెలను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి మాటగా పంపవలసిందే.

ఒక సంవత్సరాన్ని దగ్గరగా చూద్దాం. సంతాల్‌ల చరిత్రలో మరవరాని ఏడాది 1855. ఆ జూన్ 30న భోగ్‌నాడిహ్ గ్రామంలో సిద్ధు, కాన్హూ సోదరుల నాయకత్వంలో హూల్ తిరుగుబాటు మొదలైంది. ఆ సంవత్సరాన్ని ఇంగ్లీషు అంకెల్లో దాస్తే కంప్యూటర్‌లో నాలుగు బైట్లు: 49, 56, 53, 53. ఓల్ చికి అంకెల్లో దాస్తే పన్నెండు: 225 177 145, 225 177 152, 225 177 149, 225 177 149. పరిమాణం మూడింతలైంది. ఈ రోజుల్లో అది ఎవరికీ బరువు కాదు గానీ ఎస్సెమ్మెస్‌లో ఇప్పటికీ తేడా తెలుస్తుంది. ఇంగ్లీషు సందేశంలో 160 గుర్తులు పడతాయి. అందులో ఒకే ఒక్క ఓల్ చికి అంకె చేరినా మొత్తం సందేశం మరో పద్ధతిలోకి మారి హద్దు 70కి పడిపోతుంది. తెలుగు సందేశాలకూ ఇదే హద్దు.

పరిమాణం కన్నా పెద్ద చిక్కు శోధనలో వస్తుంది. అక్షరాలను ఉన్నవున్నట్టు పోల్చే శోధనలో ఇంగ్లీషు అంకెల 1855 కొడితే ఓల్ చికి అంకెల 1855 దొరకదు. బైట్లలో ఒక్కటీ కలవదు మరి. ఇలాంటి తేడాలను చెరిపేసేందుకు యూనికోడ్‌లో సాధారణీకరణ అనే ఏర్పాటు ఉంది. జపాన్, చైనా ముద్రణలో వాడే వెడల్పాటి అంకెలను అది మామూలు అంకెలుగా మారుస్తుంది. ఓల్ చికి అంకెలను, తెలుగు అంకెలను మాత్రం ముట్టుకోదు, ఎందుకంటే అవి వేరే లిపికి చెందిన వేరే గుర్తులు, ఇంగ్లీషు అంకెల మారు రూపాలు కావు. ఆ తీర్పు సరైనదే. వరుసక్రమానికి యూనికోడ్ చేసిన నియమాలు మరో దారి పట్టాయి. వాటి ప్రకారం ఏ లిపి అంకె అయినా విలువ ఒకటే అయితే మొదటి మెట్టులో సమానమే. ఆ నియమాలను పాటించే జాబితాలో సంతాలీ రెండు, తెలుగు రెండు, ఇంగ్లీషు రెండు ఒకే చోట చేరతాయి. శోధన యంత్రం రాసేవాళ్లు ఈ రెండు పద్ధతుల్లో దేన్ని ఎంచుకున్నారన్నదాని మీదే సంతాలీ పాఠకుడికి 1855 దొరకడం, దొరకకపోవడం ఆధారపడి ఉంటుంది.

ఓల్ చికికే ప్రత్యేకమైన తలనొప్పి ఒకటి ఉంది, అది చుక్కలది. అచ్చుల ఉచ్చారణను మార్చడానికి ఈ లిపిలో అక్షరం పక్కన చుక్కలు పెడతారు. గాహ్లా టుడాగ్ అనే చుక్క అక్షరం పాదం దగ్గర కూర్చుంటుంది, చూడటానికి అచ్చం ఫుల్‌స్టాప్. ముక్కుతో పలకాలని చెప్పే ము టుడాగ్ పైన ఉంటుంది. రెండూ కలిసిన గుర్తు రెండు చుక్కల కోలన్‌లా ఉంటుంది. అందుకే ఓల్ చికిలో వాక్యం చివర ఫుల్‌స్టాప్ పెట్టరు, ముచాద్ అనే నిలువు గీత పెడతారు. పద్యానికో పేరాకో ముగింపుగా జంట గీత. వాక్యాల వరకు చిక్కు అలా తీరింది.

అంకెల మధ్యకు వచ్చేసరికి మళ్లీ మొదటికొచ్చింది. దశాంశ బిందువుకు చుక్క కావాలి, గంటలకూ నిమిషాలకూ మధ్య కోలన్ కావాలి. టైపు చేసేవాళ్లు అలవాటు మీద గాహ్లా టుడాగ్ మీట నొక్కితే కంటికి తేడా తెలియదు. మూడున్నర అని రాసినట్టే కనిపిస్తుంది. యంత్రానికి మాత్రం అక్కడ మూడు, ఒక అక్షర గుర్తు, అయిదు ఉన్నాయి. పైథాన్‌కైనా జావాకైనా అది సంఖ్య కాదు. పదిన్నర గంటలు అని రాసినప్పుడూ ఇదే పరిస్థితి. కాగితం మీద ఏ లోపమూ లేని లిపిలో కంప్యూటర్ వచ్చాకే బయటపడిన ఇబ్బంది ఇది. దీన్ని లిపి మీదికి తోయడం న్యాయం కాదు. కీబోర్డు తయారుచేసేవాళ్లు అంకె తర్వాత నొక్కిన చుక్కను దశాంశ బిందువుగా తీసుకుంటే చాలావరకు తీరుతుంది, అంకె పక్కన గాహ్లా టుడాగ్‌కు పని ఉండదు గనుక.

ఏ భాషలో సంఖ్యలను ఏ అంకెల్లో చూపాలన్నది మరో ప్రమాణం చెబుతుంది. సీఎల్‌డీఆర్ అనే ఆ సమాచార కోశాన్ని కూడా యూనికోడ్ సంస్థే నడుపుతుంది. ఫోన్లు, బ్రౌజర్లు తేదీలు, సంఖ్యలు చూపేటప్పుడు దాన్నే సంప్రదిస్తాయి. అందులో ఓల్ చికి అంకెల పద్ధతికి ఓ, ఎల్, సి, కె అనే నాలుగక్షరాల సంకేతం ఉంది. సంతాలీని ఎంచుకుంటే సంఖ్యలు అప్రమేయంగా ఓల్ చికిలోనే వస్తాయి. బెంగాలీకి బెంగాలీ అంకెలు, మరాఠీకి నేపాలీకి దేవనాగరి అంకెలు. హిందీకీ తెలుగుకూ అలా కాదు. మన భాషకు సొంత అంకెలు ఉన్నాయని కోశంలో రాసి ఉన్నా, చూపేది 1, 2, 3లే. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, ఈ వ్యాసం వాడుతున్నవీ అవే కాబట్టి ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. తెలుగు అంకెలు ఇప్పుడు చాలామందికి పాత పుస్తకాల పుటల సంఖ్యల్లోనే కనిపిస్తాయి. వందేళ్ల వయసున్న లిపి తన అంకెలను వాడుకలో నిలుపుకొంటుంటే, వెయ్యేళ్లకు పైబడిన లిపి వాటిని పక్కన పెట్టేసింది. కేంద్ర ప్రభుత్వ అధికార వ్యవహారాలకు భారతీయ అంకెల అంతర్జాతీయ రూపాన్ని వాడాలని రాజ్యాంగం 343వ అధికరణం చెప్పడం కూడా ఈ వైపు మొగ్గుకు తోడైంది.

సంతాలీ వికీపీడియా 2018 ఆగస్టు 2న మొదలైంది, పూర్తిగా ఓల్ చికి లిపిలో. ఇలాంటి చోట రెండు రకాల అంకెలూ పక్కపక్కనే కాపురం చేయక తప్పదు. చదివే పాఠంలో సంవత్సరాలు, జనాభా లెక్కలు సొంత అంకెల్లో ఉండాలని రాసేవాళ్లు కోరుకుంటారు. వికీ మూసల వెనక వయసు లెక్కగట్టే, జన సాంద్రత లెక్కగట్టే సూత్రాలకు మాత్రం ఆస్కీ అంకెలే కావాలి. కాబట్టి లోపల ఇంగ్లీషు అంకెలతో లెక్క కట్టి, చూపే ముందు ఓల్ చికిలోకి మార్చే ఏర్పాటు ఉండాలి. బెంగాలీ వికీ ముందే నడిచిన దారి ఇది. విలువను ఒక రూపంలో దాచి, మరో రూపంలో చూపడమే ఈ రంగంలో ఆరితేరినవాళ్లు ఇచ్చే సలహా కూడా.

ముండా కుటుంబంలోని మిగతా లిపుల పక్కన పెట్టి చూస్తే ఓల్ చికి అదృష్టం తెలుస్తుంది. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లోనూ ఒడిశాలోనూ ఉండే సవరల భాషకు 1936లో మంగేయి గొమాంగో సొరాంగ్ సోంపెంగ్ అనే లిపి చేశారు. గిడుగు రామమూర్తి ఏళ్ల తరబడి శ్రమించి వ్యాకరణం, నిఘంటువు కూర్చిన భాష ఇదే. సవర లెక్క మరీ విశిష్టమైనది, పన్నెండు మీద, ఇరవై మీద నడుస్తుంది. పదమూడు అనాలంటే పన్నెండూ ఒకటి అంటారు. లిపిలోని అంకెలు మాత్రం సంతాలీలాగే మామూలు దశాంశ అంకెలు. సొరాంగ్ సోంపెంగ్ 2012లో యూనికోడ్ 6.1తో వచ్చింది, హో భాష వరంగ్ చితి 2014లో, ముండారీ లిపి 2022లో. ఈ మూడింటికీ మొదటి 65,536 స్థానాల్లో చోటు దొరకలేదు. వాటి అంకెలకు యూటీఎఫ్-8లో నాలుగేసి బైట్లు పడతాయి. గుర్తుకు రెండు బైట్లే అనుకుని రాసిన పాత ప్రోగ్రాములు ఒక అంకెను రెండుగా లెక్కించి గందరగోళపడతాయి. ఓల్ చికి ముందుగా వచ్చి ఆ హద్దు లోపలే కుదురుకుంది. వరంగ్ చితిలో మరో మెలిక ఉంది. సున్న నుంచి తొమ్మిది దాకా ఉన్న అంకెలతో పాటు పది, ఇరవై, ముప్పై మొదలు తొంభై దాకా విడి గుర్తులు ఉన్నాయి. ఈ విడి గుర్తులు దశాంశ అంకెల వర్గంలోకి రావు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల వల్ల వెలుగు చూసిన, ముండా కుటుంబానికి చెందని గోండి లిపి కూడా 2018లో తన పది అంకెలతో యూనికోడ్‌లో చేరింది, అదీ ఆ దూరపు స్థానాల్లోనే.

భద్రత మాట కూడా చెప్పుకోవాలి. బెంగాలీ నాలుగు చూడటానికి ఇంగ్లీషు ఎనిమిదిలా ఉంటుంది, ఒడియా రెండు తొమ్మిదిలా ఉంటుంది. రెంటినీ పక్కన పెడితే 89 అనిపిస్తుంది, విలువ మాత్రం 42. యూనికోడ్ భద్రతా పత్రాలు ఈ ఉదాహరణనే ఇస్తాయి. ఒకే సంఖ్యలో రెండు లిపుల అంకెలు కలిస్తే అనుమానించమని వాటి సూచన. బెంగాల్, ఒడిశా సరిహద్దుల్లో మూడు నాలుగు లిపుల మధ్య బతికే సంతాలీ పాఠకులకు ఇది పుస్తకాల్లో ఉదాహరణ మాత్రమే కాదు, రోజూ ఎదురయ్యే రకం కలగలుపు. మరోవైపు, వెబ్ చిరునామాలు, ప్రోగ్రాముల్లోని పేర్ల విషయంలో యూనికోడ్ ఓల్ చికిని ‘పరిమిత వాడుక’ లిపుల జాబితాలో పెట్టింది. అక్షరాలు, అంకెలు రాసుకోవడానికి అభ్యంతరం లేదు గానీ, పేర్లలో వాటిని అనుమతించాలా వద్దా అన్నది ఒక్కో వ్యవస్థ ఇష్టం. దేశీయ భాషల్లో భారత్ డొమైన్లు వచ్చినప్పుడు తెలుగుకు ‘భారత్’ తెలుగు లిపిలోనే దక్కింది. సంతాలీకి వచ్చిన ‘భారోత్’ దేవనాగరిలో ఉంది.

ఫాంట్ల కొరత మాత్రం తీరినట్టే. గూగుల్ నోటో కుటుంబంలో ఓల్ చికి ఫాంటు ఉంది, విండోస్‌తో పాటే వచ్చే నిర్మలా యూఐలోనూ ఉంది. ఒత్తులు, గుణింతాలు లేవు కాబట్టి తెలుగుకు పడినంత కష్టం ఈ లిపిని తెర మీద చూపడానికి పడనక్కర్లేదు, ఒక గుర్తు పక్కన మరొకటి పేరిస్తే సరిపోతుంది. భారత ప్రమాణాల సంస్థ ఖరారు చేసిన విస్తృత ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో సంతాలీకి అమరిక ఉంది. మన దేశంలో అమ్మే ఫోన్లు షెడ్యూలు భాషలన్నిటి సందేశాలనూ చదివి చూపగలగాలన్న ప్రమాణం కిందికి ఓల్ చికి కూడా వస్తుంది. మిగిలింది వెబ్ ఫారాలు. సంఖ్యల కోసం పెట్టిన గడిలో విలువ ఆస్కీ అంకెల్లోనే ఉండాలని హెచ్‌టీఎంఎల్ ప్రమాణం చెబుతుంది. వయసు, పిన్‌కోడ్, ఫోన్ నంబరు అడిగే గడిలో సంతాలీ విద్యార్థి తన అంకెలు నింపితే, వాటిని విలువ చూసి ఇంగ్లీషు అంకెలుగా మార్చుకునే పని ఆ ఫారం తయారుచేసినవాళ్లదే. పది గుర్తులకు సరిపోయే ఆ మార్పిడి ఏ ప్రోగ్రామింగ్ భాషలోనైనా నాలుగైదు వరుసలకు మించదు.